టెండరు లేని కొనుగోలు: యుద్ధనౌక పరికరానికి ఒకే అమ్మకందారు ఎలా మిగులుతాడు

ప్రభుత్వం ఏదైనా టెండరు పిలవకుండా కొన్నదని వింటే మనకు ముందు కలిగేది అనుమానమే. కాల్వల పనులూ రోడ్ల పనులూ నామినేషన్ మీద అయినవాళ్లకు కట్టబెట్టారన్న ఆరోపణలు తెలుగు పత్రికల్లో ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లం కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. అయితే నౌకాదళం ఒక పంపునో, వాల్వునో, స్విచ్‌బోర్డునో ఒకే కంపెనీ దగ్గర, దాదాపు ఆ కంపెనీ అడిగిన ధరకే కొన్నప్పుడు కూడా అదే కళ్లతో చూస్తే అసలు విషయం కనబడదు. ఆ ఫైలు మీద సంతకం పెట్టిన అధికారికి చాలా సందర్భాల్లో నిజంగానే వేరే దారి ఉండదు. ఉండవలసిన దారులు పదిహేను, ఇరవై ఏళ్ల కిందట, ఓడ ఇంకా డ్రాయింగుల దశలో ఉన్నప్పుడే మూసుకుపోయి ఉంటాయి. విచారణలూ ఆడిట్ అభ్యంతరాలూ సంతకం చుట్టూ తిరుగుతాయి గాని, దారులు మూసుకుపోయిన ఆ తొలి దశ దాకా వెళ్లడం అరుదు. నా దృష్టిలో చర్చ జరగవలసింది అక్కడే.

మామూలు పంపు యుద్ధనౌకకు ఎందుకు పనికిరాదో ముందు తెలుసుకోవాలి. 1939 నవంబరు 21న స్కాట్లాండు తీరాన, ఫర్త్ ఆఫ్ ఫోర్త్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ క్రూజర్ బెల్‌ఫాస్ట్ కింద జర్మన్ అయస్కాంత మైన్ పేలింది. ఓడ అడుగున పడిన చిల్లు చిన్నదే. కాని ఆ కుదుపుకు కీల్, అంటే ఓడకు వెన్నెముకలాంటి అడుగు దూలం, పైకి వంగిపోయింది, డెక్కులు వంకరపోయాయి, యంత్రాలు దెబ్బతిన్నాయి. మునగకుండా తిరిగివచ్చిన ఆ ఓడ మళ్లీ యుద్ధానికి పనికివచ్చేసరికి 1942 నవంబరు అయింది. శత్రువు ఓడను ముంచకుండానే మూడేళ్లపాటు యుద్ధంలో లేకుండా చేయగలిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటువంటి దెబ్బలు అనేక నౌకాదళాలు తిన్నాయి. బాంబు తగలకపోయినా, పక్కన నీళ్లలో పేలితే చాలు, పోత ఇనుముతో చేసిన పంపుల గుల్లలు, అంటే బయటి కవచాలు, పగిలేవి, విద్యుత్ బ్రేకర్లు వాటంతట అవే తెరుచుకునేవి, యంత్రాలు బోల్టులు తెంచుకుని పునాదుల మీంచి లేచిపోయేవి.

దీనికి కారణం నీటి స్వభావంలోనే ఉంది. నీరు గాలిలాగా నొక్కుకుపోదు. అందువల్ల పేలుడు నుంచి పుట్టిన ఒత్తిడి తరంగం దాదాపు మొత్తం బలంతో వచ్చి ఓడ అడుగును తాకుతుంది. ఆ తరవాత పేలుడు వాయువుల బుడగ ఉబ్బి, కుంచించుకుపోయి, మళ్లీ ఉబ్బుతూ ఓడను పట్టి ఊపుతుంది. మొదటి దెబ్బ పరికరాలను పగలగొడుతుంది, రెండోది ఓడ వెన్ను విరుస్తుంది. ఆ క్షణంలో మంటలార్పే పంపు, స్టీరింగు, జనరేటరు, రాడారుకు కరెంటు అందించే ప్యానెలు ఆగిపోతే ఓడ తేలుతూనే ఉన్నా పోరాడలేదు.

అందుకే షాక్ పరీక్ష పుట్టింది. దీనికి ప్రపంచంలో ఎక్కువమంది ఎరిగిన ప్రమాణం అమెరికా నౌకాదళానిది. మిల్-ఎస్-901 పేరుతో దశాబ్దాలుగా ఉన్న ఆ ప్రమాణాన్ని 2017లో సవరించి 901ఈ అంటున్నారు. దాని ప్రకారం సుమారు 250 కిలోల లోపు పరికరాన్ని ఒక ఉక్కు పలకకు బిగించి, బరువైన సుత్తిని వేరువేరు ఎత్తుల నుంచి వదిలి మూడు దిశల్లోనూ కొడతారు. అంతకన్నా బరువైనవాటికి, అంటే సుమారు 3,300 కిలోల దాకా, మరో పెద్ద సుత్తి యంత్రం ఉంది. ఆపైన ఉన్నవాటిని నీళ్ల మీదికి తీసుకుపోవలసిందే. ఎనిమిదిన్నర మీటర్ల పొడవున్న ఉక్కు బార్జిలో పరికరాన్ని అది ఓడలో ఎలా ఉంటుందో అలాగే, అవే మౌంట్ల (పరికరాన్ని నిలిపే ఆధారాల) మీద, అవే బోల్టులతో బిగించి, నడుస్తుండగానే పక్కన నీటిలో 27 కిలోల పేలుడు పదార్థాన్ని ఏడు మీటర్ల పైచిలుకు లోతున పేలుస్తారు. మొదటి పేలుడు 12 మీటర్ల దూరాన జరుగుతుంది. ఆ తరవాత దగ్గరవుతూ చివరిది ఆరు మీటర్లకు వస్తుంది. ఓడ భద్రతకూ పోరాటానికీ తప్పనిసరైన పరికరాలను ఏ-గ్రేడు అంటారు. పరీక్ష తరవాత కూడా అవి పని చేస్తూనే ఉండాలి. బి-గ్రేడువి ఆగిపోయినా ఫరవాలేదు గాని ఊడిపోయి ఎవరి మీదా పడకూడదు. కొత్త తరగతి ఓడ తయారైతే ఒక్కోసారి మొత్తం ఓడకే ఈ పరీక్ష పెడతారు. 2021లో విమానవాహక నౌక జెరాల్డ్ ఫోర్డ్ దగ్గర ఫ్లోరిడా తీరంలో మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు 18 టన్నుల పేలుడు పదార్థం పేల్చారు.

భారత నౌకాదళానికి కూడా తనవైన షాక్, కంపన ప్రమాణాలున్నాయి. ఎలక్ట్రానిక్ పరికరాలకు మూడు దళాల ఉమ్మడి ప్రమాణం జేఎస్‌ఎస్ 55555 వర్తిస్తుంది. ఉప్పుగాలి, తేమ, వేడి, కంపనం ఇలా ఒక్కొక్కటే దాటుకుని రావాలి. పక్క పరికరాల విద్యుదయస్కాంత జోక్యాన్ని తట్టుకోవాలి, తానూ జోక్యం చేసుకోకూడదు. జలాంతర్గామిలోనైతే చప్పుడు కూడా చేయకూడదు. ఈ పరీక్షలు మితిమీరినవని అనుకునేవాళ్లు విశాఖపట్నం వైపు చూడాలి. అక్కడి నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల, అంటే ఎన్‌ఎస్‌టీఎల్, రూపొందించిన మల్టీ ఇన్‌ఫ్లుయెన్స్ గ్రౌండ్ మైన్‌ను 2025 మేలో పరీక్షించారు. విశాఖలోని భారత్ డైనమిక్స్, హైదరాబాదులోని అపోలో మైక్రో సిస్టమ్స్ దాని ఉత్పత్తి భాగస్వాములు. సముద్రం అడుగున పడుకుని, పైన వెళ్లే ఓడను దాని అయస్కాంత క్షేత్రం, చప్పుడు, ఒత్తిడి వంటి అనేక ఆనవాళ్లతో పసిగట్టే ఆయుధం అది. మనం అటువంటివి చేస్తున్నామంటే ఎదుటివాళ్లూ చేస్తున్నట్టే.

ఇక్కడి నుంచి అసలు చిక్కు మొదలవుతుంది. పరీక్షలో నెగ్గితే వచ్చే ధ్రువీకరణ కంపెనీకి దక్కేది కాదు, ‘పంపు’ అనే వస్తువు రకానికి దక్కేదీ కాదు. ఫలానా డ్రాయింగు ప్రకారం, ఫలానా మిశ్రమలోహంతో పోతపోసి, ఫలానా మౌంటు మీద బిగించిన ఆ ఒక్క ఆకృతికి దక్కేది. బోల్టు తరగతి మార్చినా, గుల్ల మందం తగ్గించినా, మోటారు మార్చినా పాత ధ్రువీకరణ ఇంకా చెల్లుతుందా లేదా అని మళ్లీ తేల్చుకోవాలి. పాత పరీక్షకూ కొత్త వస్తువుకూ పోలిక చూపించి, పరీక్ష లేకుండానే ఆమోదం పొందే వీలు ఉంది. కాని ఆ పోలిక చూపించాలంటే పాత పరీక్ష నివేదిక చేతిలో ఉండాలి. ఆ నివేదిక ఎవరిది? పరీక్షకు డబ్బు పెట్టినవాడిది. సాధారణంగా అది మొదటి తయారీదారే.

ఒక ఓడ రీఫిట్‌కు, అంటే పెద్ద మరమ్మతుకు, వచ్చిందనుకుందాం. మంటలార్పే వ్యవస్థలోని పంపు విప్పి చూస్తే గుల్ల లోపలి భాగం ఉప్పునీటికి తినేసి ఉంది. అటువంటి గుల్ల పోతపోయగల ఫౌండ్రీలు హైదరాబాదులోనూ ఉన్నాయి, కోయంబత్తూరులోనూ ఉన్నాయి. వాళ్లకు కొలతలు తీసి ఇవ్వవచ్చు. కాని కొలతలు వేరు, డ్రాయింగు వేరు. ఎంత తేడా వస్తే ఒప్పుకోవచ్చో, ఏ ఉష్ణోగ్రతకు వేడిచేసి ఎలా చల్లార్చాలో, ఎక్కడ ఎక్స్‌రే తీయాలో అరిగిపోయిన గుల్ల చెప్పదు. అవన్నీ కష్టపడి రాబట్టినా షాక్ పరీక్ష మిగిలే ఉంటుంది. ఆ తరగతి ఓడలు నాలుగే ఉన్నాయనుకుంటే, పదేళ్లలో కావలసిన గుల్లలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండు మూడు గుల్లలు అమ్ముకోవడానికి పరీక్ష ఖర్చంతా తన జేబులోంచి పెట్టుకునే రెండో తయారీదారు ఎక్కడా దొరకడు. ఈలోగా ఓడ డాక్‌లోంచి దిగవలసిన తేదీ ఖరారైపోయి ఉంటుంది, వెనక మరో ఓడ అదే డాక్ కోసం కాచుకుని ఉంటుంది. అప్పుడు ఫైలు మొదటి కంపెనీ దగ్గరికే వెళ్తుంది. ఇందులో లంచమూ లేదు, పక్షపాతమూ లేదు. ఒక్కో అడుగూ సబబుగానే ఉంది, అయినా పోటీకి మాత్రం ఎక్కడా చోటు లేదు.

ఆ ఫైలులో ఉండే కాగితం పేరు ప్రొప్రైటరీ ఆర్టికల్ సర్టిఫికెట్. కార్యాలయాల్లో అందరూ పీఏసీ అనే అంటారు. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 166వ నిబంధన ఒకే సంస్థ నుంచి కొనడానికి మూడు సందర్భాల్ని ఒప్పుకుంటుంది. కావలసిన వస్తువును ఫలానా సంస్థ ఒక్కటే తయారుచేస్తుందని వాడకందారు శాఖకు తెలిసి ఉండాలి, లేదా అత్యవసరం ఉండి దానికి కారణాలు రాసి పైఅధికారి ఆమోదం పొందాలి, లేదా ఇప్పటికే ఉన్న యంత్రాలతో పొందిక కోసం ఫలానా సంస్థ దగ్గరే కొనాలని సాంకేతిక నిపుణుడు సలహా ఇచ్చి ఉండాలి. పీఏసీ నమూనా చాలా చిన్నది. ఈ వస్తువును ఫలానా సంస్థ తయారుచేస్తుంది అని ఒక వాక్యం, ‘ఈ కింది కారణాల వల్ల మరే తయారీ గాని, మోడల్ గాని ఆమోదయోగ్యం కాదు’ అని మరో వాక్యం, ఆ కింద ఖాళీ, ఆపైన ఆర్థిక విభాగం సమ్మతి, అధికారి ఆమోదం.

ఆ ఖాళీలో రాసేదాన్ని బట్టే ఆ కొనుగోలు విలువ తేలుతుంది. ‘ఇది ఫలానా కంపెనీ పరికరం, కాబట్టి వాళ్ల విడిభాగమే కావాలి’ అని రాస్తే అది కారణం కాదు, పై వాక్యాన్నే తిప్పి రాయడం. ఏ పరీక్ష నెగ్గినందువల్ల ఈ వస్తువు కావాలి, ఆ పరీక్ష నివేదిక సంఖ్య ఏమిటి, అందులోని ఏ అంశం మారితే ధ్రువీకరణ పోతుంది, డ్రాయింగులు నౌకాదళం దగ్గర ఎందుకు లేవు అని రాసినప్పుడే అది సాంకేతిక కారణమవుతుంది. 2009 నాటి డిఫెన్స్ ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్ ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా మాట్లాడింది. పీఏసీ గుత్తాధిపత్యాన్ని కట్టబెడుతుంది, పోటీకి తావు లేకుండా చేస్తుంది కాబట్టి బాగా ఆలోచించి ఇవ్వాలని అది హెచ్చరించింది. అంతకన్నా విలువైన మాట మరొకటి కూడా చెప్పింది: చాలామంది అసలు తయారీదారులు విడిభాగాలను, ఉపభాగాలను తాము తయారుచేయరు, బయట చేయించుకుంటారు, కనుక వాటిని నిజంగా తయారుచేసేవాడి దగ్గర తక్కువ ధరకు దొరకవచ్చు. 2025 నవంబరు నుంచి కొత్త మాన్యువల్ అమల్లోకి వచ్చింది గాని, ఈ హెచ్చరిక వెనక ఉన్న వాస్తవం మారలేదు.

ఆ వాస్తవాన్ని మన పంపు మీదే చూద్దాం. గుల్లకూ, లోపల నీటిని తోసే చక్రమైన ఇంపెల్లరుకూ షాక్ పరీక్షతో విడదీయరాని సంబంధం ఉంది, నిజమే. కాని అందులోని బేరింగు బజారులో కాటలాగు సంఖ్యతో దొరికే మామూలు బేరింగే కావచ్చు. పంపు కంపెనీ దాన్ని కొని, తన అట్టపెట్టెలో పెట్టి, తన పార్టు నంబరు వేసి అమ్ముతుంది. విడిభాగాల జాబితా మొత్తానికి ఒకే పీఏసీ ఇచ్చేస్తే, గుల్లకు న్యాయంగా దక్కిన మినహాయింపు బేరింగుకూ, రబ్బరు సీలుకూ, నట్టుకూ కూడా దక్కిపోతుంది. జాబితాను వరసవారీగా విడదీసి, ఏది పరీక్షకు కట్టుబడిన వస్తువు, ఏది కాదు అని తేల్చడం ఓపికతో కూడిన పని, దానికి ఇంజనీరు సమయం కావాలి. సమయమే లేనప్పుడు జాబితా జాబితాగానే వెళ్లిపోతుంది. ప్రజల డబ్బు ఎక్కువగా పోయేది పెద్ద మినహాయింపుల దగ్గర కాదని, ఆ మినహాయింపుల వెనకాలే ఎవరూ అడగకుండా దూరిపోయే ఇటువంటి చిన్న వస్తువుల దగ్గరేనని నా నమ్మకం.

ధర సంగతి ఇంకా కష్టం. పోటీ ఉంటే తక్కువ కోట్ చేసినవాడి ధరే ఒక కొలబద్ద. ఒక్కడే ఉంటే కొలబద్ద మనమే తయారుచేసుకోవాలి. బేరం కమిటీ కూర్చుని గతంలో కొన్న ధర చూస్తుంది, ద్రవ్యోల్బణం కలుపుతుంది, ముడిసరుకు ధరలు చూస్తుంది, ఖర్చుల విభజన ఇమ్మని అడుగుతుంది. కాని గత ధరే ఎక్కువైతే? దాని మీద ఎంత బేరమాడినా ఎక్కువ ధరకు కాస్త తక్కువ ధర వస్తుందే తప్ప సరైన ధర రాదు. ఇది ఎంత దూరం పోగలదో అమెరికాలో ట్రాన్స్‌డైమ్ ఉదంతం చూపించింది. విమానాల విడిభాగాలు అమ్మే ఈ కంపెనీ నుంచి కొన్న 47 రకాల భాగాలను రక్షణశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ పరిశీలిస్తే, 46 రకాల్లో మితిమీరిన లాభం ఉన్నట్టు 2019లో తేలింది. 46 డాలర్లు ఉండవలసిన ఒక చిన్న లోహపు పిన్నుకు 4,361 డాలర్లు చెల్లించారు. కాంగ్రెస్ విచారణ తరవాత కంపెనీ 1.61 కోట్ల డాలర్లు తిరిగి ఇచ్చింది. అక్కడ కంపెనీ చట్టాన్ని ఉల్లంఘించిందని కూడా అనలేని పరిస్థితి. ఖర్చుల వివరాలు తప్పనిసరిగా చూపించవలసిన పరిమితి కన్నా ఆ ఆర్డర్లు చిన్నవి. అవి ఓడ భాగాలు కావు, అయినా సూత్రం ఒకటే: పెద్ద ఒప్పందం మీద అందరి కళ్లూ ఉంటాయి, చిన్న ఆర్డరు మీద ఎవరి కన్నూ ఉండదు.

మన దేశంలో న్యాయస్థానాలు ఈ విషయాన్ని పట్టించుకోకపోలేదు. నగర్ నిగమ్ మీరట్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఒప్పందాలు సాధారణంగా బహిరంగ వేలం లేదా టెండరు ద్వారానే ఇవ్వాలని, నామినేషన్ అరుదైన పరిస్థితులకే పరిమితం కావాలని చెప్పింది. మరుసటి ఏడాది కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆ తీర్పును ఉటంకిస్తూ అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపింది. అయితే ఆ తీర్పు గాని, సర్క్యులర్ గాని డ్రాయింగు లేని గుల్లకు డ్రాయింగు తెచ్చిపెట్టలేవు.

ఈ విషయంలో అమెరికా చట్టంలో మనం తీసుకోదగ్గవి రెండున్నాయి. 1984లో వాళ్లు తెచ్చిన కాంట్రాక్టుల్లో పోటీ చట్టం, పోటీ లేకుండా కొనడానికి ఏడు మినహాయింపులు ఇచ్చింది. అందులో మొదటిది, బాధ్యతాయుతమైన సరఫరాదారు ఒక్కడే ఉండడం. ఆ మినహాయింపు వాడుకోవాలంటే అధికారి లిఖితపూర్వకంగా సమర్థన రాయాలి, మార్కెట్లో ఎవరున్నారో వెతికినట్టు చూపాలి, ఒప్పందం తరవాత ఆ సమర్థన పత్రాన్ని ప్రజలకు అందుబాటులో పెట్టాలి. ఇవన్నీ మన పద్ధతిలోనూ ఏదో ఒక రూపంలో ఉన్నవే, బయటపెట్టడం తప్ప. కాని అక్కడి చట్టం, ముందస్తు ప్రణాళిక లేకపోవడాన్ని పోటీ ఎగ్గొట్టడానికి కారణంగా చూపకూడదని స్పష్టంగా చెబుతుంది. సమర్థన పత్రం చివర, మరోసారి ఇదే వస్తువు కొనే లోపల పోటీకి ఉన్న అడ్డంకిని తొలగించడానికి ఏం చేయబోతున్నారో రాయమంటుంది. ఆ గడిలో చాలాసార్లు మొక్కుబడి వాక్యాలే రాస్తారని అక్కడి ఆడిటర్లు విమర్శిస్తుంటారు. అయినా ఆ గడి ఉండడం ముఖ్యం. మన పీఏసీ నమూనాలో అటువంటి గడి లేదు. అది గతాన్ని గురించి అడుగుతుంది గాని భవిష్యత్తును గురించి అడగదు. పదేళ్ల తరవాత అదే బల్ల మీద అదే వస్తువుకు మళ్లీ అదే సర్టిఫికెట్ రాయవలసి రావడానికి ఇది ఒక కారణం.

ఒకే సరఫరాదారు ఉండడం ధరకు సంబంధించిన సమస్య మాత్రమే అయితే, దేశ రక్షణ కోసం నాలుగు డబ్బులు ఎక్కువైనా ఫరవాలేదని సరిపెట్టుకోవచ్చు. కాని నాణ్యత కూడా అక్కడే చిక్కుకుంటుంది. అమెరికా జలాంతర్గాముల పొట్టకు అవసరమైన బలమైన ఉక్కు పోతల్లో చాలా ఏళ్లు ప్రధాన సరఫరాదారుగా ఉన్నది, వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో ఉన్న బ్రాడ్‌కెన్ ఫౌండ్రీ. పోతపోసిన ఉక్కు మంచుకన్నా చాలా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా పెళుసుబారకూడదన్నది నౌకాదళం నియమం. 1963లో థ్రెషర్ జలాంతర్గామి 129 మందితో మునిగిపోయిన తరవాత అమెరికా నౌకాదళం అటువంటి నియమాల విషయంలో రాజీ లేకుండా ఉంది. ఆ ఫౌండ్రీలోని ఒక లోహశాస్త్రవేత్త 1985 నుంచి 2017 దాకా, పరీక్షలో తప్పిన 240కి పైగా పోతలకు నెగ్గినట్టు ఫలితాలు దిద్దారు. ప్రయోగశాలలో పరీక్ష కార్డు దిద్ది ఉండడం గమనించిన ఒక ఉద్యోగి వల్ల అది బయటపడింది. 2020లో కంపెనీ దాదాపు 1.09 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది, ఆ తరవాత లోహశాస్త్రవేత్తకు జైలు శిక్ష పడింది. 30 ఏళ్లకు పైగా నౌకాదళం ఆ కాగితాల్ని నమ్మింది. మరో ఫౌండ్రీ కూడా అవే పోతలు పోస్తూ ఉంటే ఒకరి ఫలితాల్ని మరొకరి ఫలితాలతో పోల్చి చూసే అవకాశమైనా ఉండేది. ధ్రువీకరణ పేరుతో పోటీని తొలగించినప్పుడు, ఆ ధ్రువీకరణను సరిచూసే సులువైన మార్గాన్ని కూడా తొలగించినట్టవుతుందని ఈ ఉదంతం చెబుతోంది. నౌకాదళం తన మనిషిని పంపి, తన కళ్లెదుట పరీక్ష చేయించుకోవలసిన అవసరం పోటీ ఉన్నచోట కన్నా లేనిచోటే ఎక్కువ.

సరఫరా ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే ఉక్రెయిన్‌లోని మైకొలైవ్ నగరం వైపు చూడాలి. సోవియట్ కాలంలో యుద్ధనౌకల గ్యాస్ టర్బైన్లను జోర్యా-మాష్‌ప్రోయెక్ట్ అనే కర్మాగారంలో తయారుచేసేవారు. సోవియట్ యూనియన్ విడిపోయినా ఓడలు మాత్రం ఆ టర్బైన్ల చుట్టూనే రూపొందుతూ వచ్చాయి. 2014లో క్రిమియా ఆక్రమణ తరవాత ఉక్రెయిన్ రష్యాకు సైనిక సరఫరాలు ఆపేసింది. రష్యాలోని కలినిన్‌గ్రాడ్‌లో కడుతున్న గ్రిగరోవిచ్ తరగతి ఫ్రిగేట్లకు (మధ్యరకం యుద్ధనౌకలకు) ఇంజన్లు లేకుండా పోయాయి. మొదటి మూడు ఓడలు అప్పటికే ఇంజన్లు అందుకున్నాయి, తరవాతివి ఖాళీ కడుపులతో యార్డులో నిలిచిపోయాయి. బయట మరో టర్బైను లేక కాదు. ఆ ఓడ గేర్‌బాక్సు, పునాదులు, గాలి నాళాలు, పొగ గొట్టాలు అన్నీ ఆ ఒక్క టర్బైనుకు కుదిరేలా కట్టినవి. చివరికి 2018లో భారతదేశం నాలుగు ఫ్రిగేట్లకు ఒప్పందం చేసుకుని, అలా నిలిచిపోయిన రెండింటిని తీసుకుంది. టర్బైన్లను ఉక్రెయిన్ దగ్గర భారతదేశమే కొని రష్యా యార్డుకు చేర్చింది. ఆ ఓడలే 2024 డిసెంబరులో తుషిల్‌గా, 2025 జులైలో తమాల్‌గా మన నౌకాదళంలో చేరాయి. మిగతా రెండూ గోవా షిప్‌యార్డులో తయారవుతున్నాయి.

ఈ కథను రష్యా కష్టంగా, మన చాకచక్యంగా చదువుకోవడం సులువు. కాని 2021లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం, దాని తోబుట్టువులైన డిస్ట్రాయర్లు కూడా జోర్యా టర్బైన్ల మీదే నడుస్తాయి. 2022లో యుద్ధం మొదలైన తరవాత మైకొలైవ్ మీద క్షిపణులు పడ్డాయి. మన తూర్పు తీరపు నగరం పేరు పెట్టుకున్న ఓడ టర్బైనుకు విడిభాగం కావలసి వస్తే, దాని పుట్టిల్లు యుద్ధభూమిలో ఉంది. ఏ పీఏసీలో ఎంత జాగ్రత్తగా కారణాలు రాసినా ఆ దూరం తగ్గదు.

దీనికి విరుగుడు మన దేశంలోనే ఒకసారి జరిగింది. విమానవాహక నౌక విక్రాంత్ కోసం కావలసిన ప్రత్యేక ఉక్కును మొదట రష్యా నుంచి తెప్పించాలనుకున్నారు. అది అనుకున్నట్టు అందలేదు. అప్పటికే హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, నౌకాదళం, ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249ఏ, 249బి అనే ఉక్కు రకాలను అభివృద్ధి చేస్తున్నాయి. మొదటిది ఓడ నిర్మాణానికి, రెండోది విమానాలు దిగే డెక్కు కోసం. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో జాతికి అంకితమైన విక్రాంత్‌కు సెయిల్ సరఫరా చేసిన ఈ ఉక్కు దాదాపు 30 వేల టన్నులు. భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచి అది వచ్చింది. ఆ తరవాత కట్టిన మన యుద్ధనౌకలకూ ఇదే వాడుతున్నారు. దేశీయం కావడం ఒక్కటే దీని విశేషం కాదు. ఉక్కు ఏ రసాయన కూర్పుతో ఉండాలి, పలకలుగా ఎలా సాగదీయాలి, ఏ పరీక్ష నెగ్గాలి అన్న వివరాల మీద హక్కు ప్రభుత్వ ప్రయోగశాలది. అందువల్ల ఏ కర్మాగారంలో చేయించుకోవాలన్నది కొనేవాడు నిర్ణయించుకోగలడు. మరో మిల్లుకు నేర్పించాలనుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. నియమాలేమీ సడలలేదు. అయినా గుత్తాధిపత్యం పుట్టలేదు.

ప్రతి పంపునూ ప్రభుత్వ ప్రయోగశాల రూపొందించాలని దీని అర్థం కాదు, అది అయ్యే పని కూడా కాదు. మొదటిసారి కొనేటప్పుడే, నలుగురు తయారీదారులు పోటీపడుతున్నప్పుడే, నౌకాదళం తన డబ్బుతో షాక్ పరీక్ష చేయించి నివేదిక తన పేర తీసుకోవచ్చు. పరీక్షకు కట్టుబడిన భాగాల తయారీ డ్రాయింగుల ధరను టెండరులోనే విడిగా అడగవచ్చు. కంపెనీ మూతపడినా, ఉత్పత్తి ఆపేసినా ఉపయోగపడేలా వాటిని మూడో సంస్థ దగ్గర భద్రపరచమనవచ్చు. పోటీ ఉన్న ఆ కాస్త సమయంలో ఈ హక్కులు చవగ్గా వస్తాయి. ఆర్డరు ఇచ్చిన మర్నాటి నుంచి వాటి ధర పెరుగుతూ పోతుంది. ఇక్కడ ఒక నిర్మాణపరమైన లోపాన్ని కూడా చెప్పాలి. ఓడ కొనేది మూలధన వ్యయం కింద, అందులో పరికరాల్ని చాలావరకు ఎంచి కొనేది షిప్‌యార్డు. ఆ తరవాత ముప్పై ఏళ్లపాటు విడిభాగాలు కొనేది నౌకాదళం, రెవెన్యూ వ్యయం కింద. ఎంచినవాడు విడిభాగాల ధర చెల్లించడు, చెల్లించేవాడు ఎంచలేదు. యార్డు దృష్టిలో డ్రాయింగుల హక్కు తన ఒప్పందం ధరను పెంచే వస్తువు మాత్రమే. అందువల్ల ఆ హక్కుల్ని యార్డుతో చేసుకునే ఒప్పందంలోనే తప్పనిసరి సరఫరాల జాబితాలో చేర్చాలి, లేకపోతే అవి ఎవరి బాధ్యతా కాకుండా పోతాయి.

ఇప్పటికే సముద్రంలో ఉన్న ఓడల విషయంలో ఈ అవకాశం దాటిపోయింది. వాటికి చేయగలిగింది నెమ్మదైన పని. ఏ భాగాలు మళ్లీమళ్లీ పీఏసీ మీద కొంటున్నారో స్టోర్ల రికార్డుల్లోంచి తీసి, వాటిలో విలువ ఎక్కువైనవి, ఒకే విదేశీ సంస్థ మీద ఆధారపడినవి, అనేక తరగతుల ఓడల్లో వాడేవి ముందు పెట్టుకుని, ఒక్కోదానికి రెండో తయారీదారును తయారుచేసుకోవాలి. 2020లో రక్షణ శాఖ ప్రారంభించిన సృజన్ పోర్టల్ దిగుమతి వస్తువుల జాబితాను పరిశ్రమల ముందు పెట్టింది. మంచి మొదలే. కాని జాబితాలో వస్తువు పేరు చూసి ముందుకు వచ్చిన చిన్న పరిశ్రమ, పరీక్ష ఖర్చు తనదేనని తెలిసి వెనక్కి తగ్గితే ఫలితం ఉండదు. పరీక్ష ఖర్చు కొనేవాడు భరించి, నెగ్గితే కనీసం ఇన్నేళ్లపాటు ఇన్ని కొంటామని రాతపూర్వకంగా చెప్పినప్పుడే హైదరాబాదు బాలానగర్‌లోనో విశాఖ ఆటోనగర్‌లోనో ఉన్న ఒక వర్క్‌షాపు యజమాని బ్యాంకుకు వెళ్లి అప్పు అడగగలడు. ఆ పరీక్ష ఖర్చును వచ్చే పదేళ్ల పీఏసీ కొనుగోళ్ల పక్కన పెట్టి లెక్క వేసి, ఎక్కడ లాభమో అక్కడ ఖర్చు పెట్టమని ఆర్థిక విభాగం పట్టుబట్టాలి. లాభం లేనిచోట పీఏసీయే సరైన నిర్ణయమవుతుంది. ఆ లెక్క కాగితాన్ని కూడా ఫైలులో జతచేస్తే, మళ్లీ అదే వస్తువు ఫైలు తన బల్ల మీదికి వచ్చినప్పుడు తరవాతి అధికారి పని మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.